నాలుగు విమానవాహక నౌకలు ఒక్క రోజులో పోయాయి. ఆట మోసమా, నా తప్పా?

తూర్పుగాలి
ఎనిమిది నెలలుగా మా బావగారితో ‘వార్ ఇన్ ద పసిఫిక్: అడ్మిరల్స్ ఎడిషన్’ అనే రెండో ప్రపంచ యుద్ధపు కంప్యూటర్ ఆట ఆడుతున్నాను. ఆయన డాలస్‌లో, నేను హైదరాబాద్‌లో. నాది జపాన్, ఆయనది మిత్రపక్షం. రోజుకో టర్ను ఈమెయిల్లో పంపుకుంటాం. ఆటలో ఇప్పుడు 1942 మే నెల. మొన్నటి దాకా నాదే పైచేయి. సింగపూర్, జావా, రబౌల్ అన్నీ నా చేతిలో ఉన్నాయి. ఇక న్యూ కలెడోనియాలోని నౌమియా రేవును కొడదామని పగడాల సముద్రం (కోరల్ సీ)లోకి దిగాను.

నిన్న ఉదయం ఆఫీసుకు బయలుదేరే ముందు టర్ను తెరిచాను. ఇడ్లీ ముక్క చేతిలో అలాగే ఉండిపోయింది. నా వాహక నౌకలు అకాగి, కాగా, సోర్యు ఒకదాని వెనుక ఒకటి అంటుకున్నాయి. మధ్యాహ్నం దాడిలో హిర్యు కూడా పోయింది. ఆయన వైపు నష్టం ఒక వాహక నౌకకు ఒకే ఒక్క బాంబు, అదీ గీసుకుపోయినట్టు.

అసలు కడుపుమంట ఏమిటంటే, ముందు రోజు ఎదుటివారిని మొదట చూసింది నేనే. పటం మీద ఐదు గడుల దూరంలో ఒక విమానవాహక నౌక, ఒక క్రూయిజర్ ఉన్నాయని నా నిఘా విమానం చెప్పింది. డెబ్బైకి పైగా విమానాలు వెళ్లాయి. తీరా ముంచింది ఒక ఇంధన నౌకను, ఒక డిస్ట్రాయర్‌ను! ఇవి మామూలు పాచికలా, శకుని పాచికలా?

లంగరు
తిట్టడం తర్వాత. ముందు వివరాలు చెప్పండి. నాలుగూ ఒకే దళంలో ఉన్నాయా? నిఘాకు ఎంత శాతం, రక్షణ గస్తీకి ఎంత శాతం, ఎంత ఎత్తులో? ప్రతిస్పందన దూరం ఎంత పెట్టారు?

జీరోబాబాయి
ఇంధన నౌకను చూసి వాహక నౌక అనుకోవడం ఆట చేసిన మోసమేమీ కాదు తూర్పుగాలి గారూ, అది అచ్చంగా జరిగింది. అదే సముద్రం, అదే నెల. 1942 మే 7న జపాన్ నిఘా విమానం ఒక వాహక నౌక, ఒక క్రూయిజర్ కనిపించాయని కబురు పంపింది. జపాన్ వాహక నౌకలు షోకాకు, జుయికాకుల నుంచి 78 విమానాలు ఎగిరి వెళ్లాయి. అక్కడ ఉన్నవి నియోషో అనే ఇంధన నౌక, సిమ్స్ అనే డిస్ట్రాయర్. సిమ్స్ మునిగింది, నియోషో నాలుగు రోజులు తేలుతూ ఉండి చివరికి పోయింది. అదే ఉదయం అమెరికన్లు జపాన్ వాహక నౌక షోహోను ముంచేశారు.

ఇంకా తమాషా ఆ సాయంత్రం జరిగింది. చీకట్లో దారి తప్పిన జపాన్ విమానాలు కొన్ని అమెరికా వాహక నౌక యార్క్‌టౌన్‌ను తమదే అనుకుని దిగబోయాయి. మీ పైలట్లు ఇంకా నయం.

పాచికలరావు
నేను తూర్పుగాలి గారి పక్షం. పదేళ్లుగా ఆడుతున్నాను. అన్నీ సరిగ్గా పెట్టి కూడా ఓడిన రోజులు ఉన్నాయి, అన్నీ మరిచిపోయి గెలిచిన రోజులూ ఉన్నాయి. ఆ రోజు మీది కాదు, అంతే.

సరుకులసుబ్బయ్య
ఇంధనం ఎంత ఉంది?

తూర్పుగాలి
లంగరు గారూ, నాలుగూ ఒకే దళం. వాటితో రెండు యుద్ధనౌకలు, టోనే, చికుమా అనే క్రూయిజర్లు, తొమ్మిది డిస్ట్రాయర్లు. టార్పెడో విమానాల్లో 10 శాతం నిఘాకు, జీరో యుద్ధవిమానాల్లో 30 శాతం రక్షణ గస్తీకి, అన్నీ 15,000 అడుగుల ఎత్తులో. మిగిలినవన్నీ దాడికి సిద్ధం. ప్రతిస్పందన 6 గడులు. దూకుడుగా ఉండాలని గరిష్ఠానికి పెట్టాను.

సుబ్బయ్య గారూ, ఇంధనానికి లోటు లేదు. మూడు ట్యాంకర్లు సోలమన్ దీవుల్లోని షార్ట్‌లాండ్ దగ్గర ఆగి ఉన్నాయి.

సముద్రపుచిలుక
మీ బావగారు ఈ వేదిక చదవరు కదా? ఎందుకైనా మంచిదని అడుగుతున్నాను.

తూర్పుగాలి
ఆయనకు తెలుగు టైపు చేయడమే రాదు.

లంగరు
సరే, మీ అంకెలతోనే లెక్క వేద్దాం. నాలుగు నౌకల మీద కలిపి టార్పెడో విమానాలు 80 చిల్లర. పది శాతం అంటే ఎనిమిది. దిక్కు ప్రత్యేకంగా ఇవ్వలేదు కాబట్టి ఆ ఎనిమిదీ చుట్టూ 360 డిగ్రీలు పంచుకున్నాయి. ఒక్కోదానికి 45 డిగ్రీలు. గడికి 40 నాటికల్ మైళ్లు. ఆరు గడులు వెళ్లేసరికి, అంటే 240 మైళ్ల దూరంలో, ఆ 45 డిగ్రీల వెడల్పు దాదాపు 190 మైళ్లు. ఒక్క విమానం అంత వెడల్పును మేఘాల మధ్య నుంచి చూడాలి. హైదరాబాద్‌లో మేడ ఎక్కి విజయవాడలో ఎవరు గొడుగు వేసుకున్నారో చెప్పమన్నట్టు ఉంది.

ఇక ప్రతిస్పందన 6. దీని అర్థం మీకు తెలిసే పెట్టారా అని నా అనుమానం. శత్రు వాహక నౌకలు ఉన్నట్టు తెలిస్తే మీ దళాధిపతి మిమ్మల్ని అడగకుండానే వాటి వైపు పరుగు తీస్తాడు. మీరు దళాన్ని ఆపిన చోటు ఒకటి, యుద్ధం జరిగిన చోటు ఇంకొకటి. అవునా?

తూర్పుగాలి
అవును! నేను ఆపిన గడికి మూడు గడులు దక్షిణంగా జరిగింది. అది కూడా ఆట తప్పే అనుకున్నాను.

లంగరు
అదే. 1942లో జపాన్‌కు ఉన్న వరం దూరం. మీ జీరోలు, డైవ్ బాంబర్లు, టార్పెడో విమానాలు అమెరికా విమానాల కంటే ఎక్కువ దూరం పోతాయి. మీరు దూరంగా నిలబడి కొట్టాలి. మీ చేయి పొడుగు, వాళ్ల చేయి పొట్టి. మీరేమో పరుగున వెళ్లి కౌగిలించుకున్నారు. ప్రతిస్పందన సున్నా పెట్టండి. దళం ఎక్కడ ఉండాలో మీరే నిర్ణయించండి.

చీకటిగస్తీ
లంగరు గారితో సగమే ఏకీభవిస్తాను. సున్నా పెట్టి చేతికి చిక్కిన అవకాశాలు పోగొట్టుకున్నవాళ్లను చూశాను. దళాధిపతి ఎవరు అన్నది కూడా చూడాలి. దూకుడు ఎక్కువున్న మనిషికి 6 ఇస్తే గుర్రానికి కళ్లెం విప్పినట్టు. నెమ్మదైన మనిషికి 1 గానీ 2 గానీ ఇస్తే నష్టం ఉండదు.

ఇంకో సంగతి ఎవరూ అడగలేదు. ఆయన దాడులు ఒకేసారి వచ్చాయా, విడివిడిగానా?

తూర్పుగాలి
మూడు గుంపులుగా వచ్చాయి. మొదటి గుంపును జీరోలు చీల్చి చెండాడాయి. టార్పెడో విమానాలన్నీ పడిపోయాయి. నేను ఇక్కడ చప్పట్లు కూడా కొట్టాను. తర్వాతి రెండూ డైవ్ బాంబర్లు.

చీకటిగస్తీ
మీ బావగారికి ఆట క్షుణ్ణంగా తెలుసు. 1942లో మిత్రపక్షం ఒకే దళంలో సుమారు వంద విమానాలు దాటి పెడితే దాడి చెదిరిపోయే అవకాశం రెట్టింపవుతుంది. అందుకే ఆయన ఒక్కో వాహక నౌకకు ఒక్కో దళం కట్టి, మూడింటినీ ఒకే గడిలో నడిపించి ఉంటారు. జపాన్‌కు ఆ హద్దు 200కు పైన మొదలవుతుంది. మీ నాలుగు నౌకల మీద 250 దాకా ఉంటాయి కాబట్టి మీరూ హద్దు దాటినట్టే. రెండు, రెండుగా విడగొట్టాల్సింది.

జీరోబాబాయి
ఆ హద్దు ఊరికే పెట్టింది కాదు. ఆ ఏడాది అమెరికన్లకు పలు నౌకల విమానాలను కలిపి పంపడం చేతకాలేదు. జూన్‌లో జరిగిన మిడ్వే యుద్ధంలో, తొలి దాడికి అమెరికా వాహక నౌక హార్నెట్ నుంచి వెళ్లిన డైవ్ బాంబర్లు శత్రువును అసలు చూడనే లేదు. అదే నౌక నుంచి వెళ్లిన ఎనిమిదో టార్పెడో స్క్వాడ్రన్ 15 విమానాలతో ఒంటరిగా దాడికి దిగింది. ఒక్కటీ తిరిగి రాలేదు. ముప్పై మందిలో బతికింది ఒక్కడు, జార్జ్ గే.

మీరు చప్పట్లు కొట్టారన్నారే, సరిగ్గా అప్పుడే మీ కొంప మునుగుతూ ఉంది. టార్పెడో విమానాల కోసం జీరోలు కిందికి దిగిపోయాయి, పైన ఎవరూ లేరు. 1942 జూన్ 4న ఉదయం పది ఇరవై దాటాక జరిగిందీ అదే. ఐదారు నిమిషాల్లో అకాగి, కాగా, సోర్యు. సాయంత్రానికి హిర్యు. మీరు వరుస కూడా తప్పలేదు!

గస్తీని ఒకే ఎత్తులో పెట్టకండి. ఒక నౌక జీరోలను కింద, ఇంకో నౌక జీరోలను పైన ఉంచండి.

పాచికలరావు
బాబాయి గారే నా వాదన నాకు అందించారు. అమెరికా వాహక నౌక ఎంటర్‌ప్రైజ్ డైవ్ బాంబర్ల నాయకుడు మెక్లస్కీ చెప్పిన చోటికి వెళితే అక్కడ నీళ్లు తప్ప ఏమీ లేవు. ఇంధనం అయిపోతూ ఉంది. అప్పుడు అరాషి అనే జపాన్ డిస్ట్రాయర్ ఒంటరిగా, వేగంగా పోతూ కనిపించింది. జలాంతర్గామి కోసం వెనక ఆగిపోయి, తన దళాన్ని అందుకోవడానికి పరుగెడుతున్న నౌక అది. దాని దారి పట్టుకుని వెళితే ఎదురుగా వాహక నౌకలు. యార్క్‌టౌన్ విమానాలు వేరే దారిలో వచ్చి అదే సమయానికి చేరాయి. ఎవరూ ఏర్పాటు చేయలేదు. దీన్ని పాచిక అనక ఏమంటారు?

జీరోబాబాయి
పాచికే. కానీ పాచిక వేయడానికి యార్క్‌టౌన్ అక్కడ ఉండాలి కదా! పగడాల సముద్రంలో దెబ్బ తిని మే 27న పర్ల్ హార్బర్ చేరింది. మూడు రోజుల్లో అతుకులు వేసి 30న పంపేశారు. అదే యుద్ధంలో పాల్గొన్న జుయికాకుకు ఒక్క గీత కూడా పడలేదు, అయినా మిడ్వేకు రాలేదు. ఎందుకంటే దాని మీద చాలినన్ని విమానాలూ పైలట్లూ మిగలలేదు. నౌక ఉంది, మనుషులు లేరు. ఆ రెండు నౌకల విషయంలో జరిగినదానికి పాచికలతో సంబంధం లేదు.

పాచికలరావు
సగం ఒప్పుకుంటాను. మిగతా సగం మా ఆవిడ వద్దంటోంది.

ఉక్కునగరం
పక్కదారి పడుతున్నందుకు మన్నించండి. ఈ ఆటలో నాకు ఇష్టమైన మూల బంగాళాఖాతం. 1942 ఏప్రిల్‌లో జపాన్ అడ్మిరల్ నగుమో కొలంబో, ట్రింకోమలీల మీద పడితే, మరో అడ్మిరల్ ఒజావా చిన్న దళంతో బంగాళాఖాతంలో సరుకు నౌకల వేట సాగించాడు. ఆయన దగ్గర ఉన్న వాహక నౌక ర్యూజో. దాని విమానాలే ఏప్రిల్ 6న విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి.

మా తాతగారికి అప్పుడు పదేళ్లు. విమానాల చప్పుడు వినగానే మనవే అనుకుని పిల్లలంతా బయటికి పరుగెత్తారట. రేవు వైపు పొగ లేచాక గానీ పెద్దవాళ్లకు అర్థం కాలేదు. ఆ రాత్రే ఇంటిల్లిపాదీ ఎడ్లబండిలో విజయనగరం వైపు వెళ్లిపోయారు. పప్పుల డబ్బా మరిచిపోయామని మా ముత్తవ్వ దారంతా సణిగిందట. తాతగారికి యుద్ధం అంటే ఆ సణుగుడే గుర్తు.

నేను జపాన్ తరఫున ఆడినప్పుడు ర్యూజోను అదే దారిలో తెచ్చాను. విశాఖ మీద దాడికి ఆదేశం ఇవ్వడానికి చేయి రాలేదు. ఇంకాస్త దక్షిణానికి దిగి కాకినాడ ఎదురుగా నడిసముద్రంలో సరుకు ఓడలు ముంచుకున్నాను.

కాజా_కోటయ్య
అంటే మా ఊరి ముందు మునిగితే పరవాలేదన్నమాట.

ఉక్కునగరం
కోటయ్య గారూ, ఈసారి వచ్చినప్పుడు కాజాలు నేనే కొనిపెడతాను, కేసు వదిలేయండి.

నిర్వాహకుడు
మళ్లీ విషయానికి రండి. కాజాలకు వేరే విభాగం ఉంది.

జీరోబాబాయి
వెళ్లేముందు ఒక్క మాట. ఆ ర్యూజో మరో నాలుగున్నర నెలలే బతికింది. ఆగస్టు 24న సోలమన్ దీవుల తూర్పున మునిగింది. మీ తాతగారికి చెప్పారా?

ఉక్కునగరం
చెప్పాను. “పప్పుల డబ్బా దొరికిందా?” అన్నారు.

సరుకులసుబ్బయ్య
అందరూ విమానాల గురించే. నా ప్రశ్నకు తూర్పుగాలి గారు ఇచ్చిన జవాబు ఎవరూ సరిగ్గా చదవలేదు. దళం పగడాల సముద్రంలో, ట్యాంకర్లు షార్ట్‌లాండ్‌లో. నాలుగు రోజులు గరిష్ఠ వేగంతో పరుగెత్తిన డిస్ట్రాయర్ల ట్యాంకుల్లో ఏమి మిగులుతుంది? తప్పుకోవాల్సిన రోజున తప్పుకోవడానికి వేగం ఉండాలి. యుద్ధానికి ముందు జపాన్ వాడే చమురులో దాదాపు 80 శాతం అమెరికా నుంచే వచ్చేది. అది ఆగిపోయింది కాబట్టే పాలెంబాంగ్, బాలిక్‌పాపన్ అంటూ దక్షిణానికి పడ్డారు. చమురు కోసం మొదలైన యుద్ధంలో చమురు లెక్క చూడకపోతే ఎలా?

చీకటిగస్తీ
సుబ్బయ్య గారు పెళ్లి భోజనంలో కూడా ముందు గ్యాస్ సిలిండర్ ఎంతుందో అడుగుతారు.

సరుకులసుబ్బయ్య
అడిగాను. అయిపోయింది. పాయసం లేదు.

సముద్రపుచిలుక
తూర్పుగాలి గారూ, నాకు ఒకటి అర్థం కావడం లేదు. మీ దళంలో టోనే, చికుమా ఉన్నాయన్నారు. అవి నిఘా కోసమే కట్టినట్టున్న క్రూయిజర్లు. ముందు వైపు ఫిరంగులన్నీ, వెనక భాగమంతా నీటి మీద దిగే తేలుడు విమానాలకే. అవి ఉండగా దాడి చేయాల్సిన టార్పెడో విమానాలను నిఘాకు ఎందుకు పంపారు? తేలుడు విమానాలు ఏమి చేస్తున్నాయి?

తూర్పుగాలి
అవి వాటంతట అవే గస్తీ తిరుగుతాయి కదా?

లంగరు
ఒకసారి తెరిచి చూడండి. ఇప్పుడే. మేము ఆగుతాం.

జీరోబాబాయి
ఆగుతూ ఒక ముక్క. మిడ్వేలో నగుమో పంపిన నిఘా విమానాలు మొత్తం ఏడు. టోనే నాలుగో విమానం అరగంట ఆలస్యంగా ఎగిరిందని, దానివల్లే ఓడారని అందరూ చెబుతారు. నాకు చికుమా విమానం మీదే కోపం. దాని దారి అమెరికా దళం దగ్గరగానే వెళ్లింది. మేఘాల పైనుంచి పోయి చూడలేదు. ఆలస్యంగా వెళ్లినవాడు కనీసం కబురు తెచ్చాడు.

తూర్పుగాలి
చూశాను.

ఎలా చెప్పాలో తెలియడం లేదు. టోనే మీద ఐదు విమానాలు, చికుమా మీద ఐదు. పదింటికీ ఎదురుగా ‘శిక్షణ’ అని ఉంది. డిసెంబరులో పైలట్లకు అనుభవం పెరగాలని నేనే పెట్టాను. మార్చడం మరిచిపోయాను. ఐదు నెలలుగా శిక్షణలోనే ఉన్నారు.

చీకటిగస్తీ
ఈపాటికి డాక్టరేటు వచ్చి ఉంటుంది.

కాజా_కోటయ్య
చుట్టూ మంటలు, పైనుంచి బాంబులు, వెనక గదిలో పది మంది ‘అఆ ఇఈ’ దిద్దుతున్నారు.

పాచికలరావు
నేను నా వాదన వెనక్కి తీసుకుంటున్నాను. పాచికలకు క్షమాపణలు.

లంగరు
నవ్వులు సరే. మనలో ఒక్కరైనా ఇలాంటిది చేయనివారు ఉంటే చేయి ఎత్తండి. నేను ఒకసారి రెండు వారాలు రబౌల్ జీరోలకు రోజూ గ్వాడల్కెనాల్ మీదికి వెళ్లమని ఆదేశం పెట్టి వదిలేశాను. పోను 560 నాటికల్ మైళ్లు, రాను 560. శత్రువు కాల్చింది తక్కువ. అలసట అంకె చూడకపోవడం వల్ల దారిలో సముద్రంలో పడిపోయినవే ఎక్కువ. మిగిలినవాళ్లు కళ్లు తెరిచి నిద్రపోతున్నారు. అప్పటి నుంచి ఆదివారం ఉదయం కాఫీతో పాటు దళాల పేజీలన్నీ ఒకసారి తిప్పుతాను. ఇంట్లో వాళ్లు పేపరు చదువుతున్నాననుకుంటారు.

తూర్పుగాలి
ఇప్పుడు ఏమి చేయాలి? షోకాకు, జుయికాకు ఇంకా ఉన్నాయి. రెండూ ట్రుక్ స్థావరంలో ఉన్నాయి. రేపే దించి ఆయన దెబ్బతిన్న నౌకను వెతికి పట్టుకోవాలని ఉంది.

సముద్రపుచిలుక
మీరు నౌకలు ఎక్కడున్నాయో ఇక్కడ రాయడం మానరా?

చీకటిగస్తీ
వెతకండి. దెబ్బతిన్న నౌక నెమ్మదిగా పోతుంది. రెండు రోజుల్లో అందకపోతే వెనక్కి రండి. ఇప్పుడు వదిలేస్తే ఆరు వారాల్లో బాగు చేసుకుని వస్తుంది.

లంగరు
వద్దు. కోపంలో వేసిన టర్ను ఎప్పుడూ రెండో దెబ్బే. మునిగిన నాలుగు నౌకల పైలట్లలో ఎంత మంది దక్కారో చూడండి. చాలామంది దక్కి ఉంటారు. వాళ్లలో మంచివాళ్లను బడిపంతుళ్లుగా వెనక్కి పంపండి. జపాన్ చేయనిది, అమెరికా చేసినది అదే. అమెరికన్లు అనుభవజ్ఞులను ఇంటికి పిలిపించి కొత్తవాళ్లకు నేర్పించారు. జపాన్ తన మేటి పైలట్లను చచ్చేదాకా ముందు వరుసలోనే ఉంచింది. 1944 జూన్‌లో ఫిలిప్పీన్ సముద్రంలో ఒజావా దగ్గర తొమ్మిది వాహక నౌకలు ఉన్నాయి, నడిపేవాళ్లు మాత్రం పసివాళ్లు.

చీకటిగస్తీ
1944 దాకా ఆట సాగితే కదా. వీళ్లు ఎనిమిది నెలల్లో 1942 మే నెలకు వచ్చారు. ఒజావా దగ్గరికి చేరేసరికి తూర్పుగాలి గారి పిల్లల పెళ్లిళ్లు అవుతాయి.

డాలస్‌బావ
తెలుగు టైపు చేయడం నేర్చుకున్నాను. మీ అక్క నేర్పింది.

లంగరు గారికి, చీకటిగస్తీ గారికి ధన్యవాదాలు. మూడు దళాలు, ఒకే గడి, అవును. సముద్రపుచిలుక గారు రెండుసార్లు హెచ్చరించారు. మా వాడు వినే రకం అయితే నాకు ఈ గెలుపే లేదు.

శకుని పాచికల సంగతి మాత్రం తేల్చాలి. ఆటలో మే 3న నా జలాంతర్గామి కాగాకు రెండు టార్పెడోలు తగిలించింది. రెండూ పేలలేదు. ఆ రోజుల్లో అమెరికా మార్క్ 14 టార్పెడో నిజంగానే అంతే. చెప్పిన లోతు కంటే కిందికి దిగి పోయేది, తగిలినా పేలేది కాదు. అన్నీ సరిచేసేసరికి 1943 చివరికి వచ్చింది. నేను శకుని అని ఎవరినీ అనలేదు. ఆ రోజు నువ్వు పంపిన ఈమెయిల్లో నవ్వు బొమ్మలు పదిహేను ఉన్నాయి, లెక్కపెట్టాను. ఆ ముక్క ఇక్కడ రాయలేదేం?

పాచికలరావు
నా వాదన మళ్లీ ముందుకు తెస్తున్నాను.

సరుకులసుబ్బయ్య
ఆ ట్యాంకర్లను ముందు కదిలించండి తూర్పుగాలి గారూ.

తూర్పుగాలి
బావా, మీరు ఎప్పటి నుంచి చదువుతున్నారు?

డాలస్‌బావ
ఇడ్లీ దగ్గర నుంచి.

తూర్పుగాలి
ట్యాంకర్లు కదిలించాను. క్రూయిజర్ల విమానాలను నిఘాకు మార్చాను. టర్ను పంపాను. ఈ ఆదివారం అక్కకు ఫోను చేయను, కారణం ఆవిడకు తెలుసు.

డాలస్‌బావ
అందింది. ఇంతకీ ట్యాంకర్లు ఎటు కదిలించావు?

సముద్రపుచిలుక
చెప్పకండి!

తూర్పుగాలి
ఉత్తరానికి.

నిర్వాహకుడు
ఈ చర్చను ఒక వారం మూసివేస్తున్నాను. తూర్పుగాలి గారి మేలు కోరి.